పొరుగింటి పునీతుడు

మా తెక్కలకోటలో గోడకు వేలాడే పటాలను బట్టి ఇంటివారి శాఖ ఏదో చెప్పడం అంత తేలిక కాదు. తుంగభద్ర వెంట దిగువకు పోతే వచ్చే మంత్రాలయం మాకు దగ్గరే గనుక రాఘవేంద్రస్వామి పటం లేని వీధి ఉండదు. ఆయన మాధ్వ పీఠాధిపతి గదా, మీరు మాధ్వులు కారు గదా అని ఎవరైనా అడిగితే, ఆ ఇంటి ఇల్లాలు అడిగినవారినే వింతగా చూస్తుంది. ఆ మంత్రాలయం స్థలాన్ని స్వామికి ఇచ్చినది ఆదవాని నేలిన సిద్ది మసూద్‌ఖాను అని జనం చెప్పుకుంటారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పీరును మొహర్రం రోజులలో హిందువులూ ముసల్మానులూ కలిసే కొలుస్తారు. పొరుగింటి పుల్లకూర రుచి అని సామెత ఉన్నది. మన సీమలో పొరుగింటి స్వామి సంగతీ అంతే. ఆయన మహిమ మీద మనకు నమ్మకం ఒక పాలు ఎక్కువే.

మేము కతోలికులము. తుంగభద్ర కాలువ నీరు పొలాలకు పారిన తరువాత మా పెద్దలు గుంటూరు సీమ నుండి వచ్చి, ఇక్కడి నల్లరేగడిలో వరి వేసి స్థిరపడినారు. మా పిల్లల చదువు కన్నడం, మా జపాలు తెలుగు. మా మేత్రాసనం బళ్ళారి. అది 1949లో ఏర్పడినది. ఇరుగుపొరుగుతో కలిసి బ్రతకడం మాకు ఎవరూ నేర్పనక్కరలేదు. అయితే క్రైస్తవులలో పునీతుల వ్యవహారం పటాలు వ్రేలాడదీసినంత వదులుగా ఉండదు. ఒకరిని పునీతుడని చెప్పడానికి మా సభలో విచారణలున్నవి, సాక్ష్యాలున్నవి, చివరకు పోపుగారి ప్రకటన ఉన్నది. మా ముసలివారు పునీతులను అర్చ్యశిష్టులనేవారు. దేవునికి చేసేది ఆరాధన, అర్చ్యశిష్టులకు చేసేది వందనం, రెండూ ఒకటి కావని జ్ఞానోపదేశంలో చిన్ననాడే నేర్పుతారు. మరి ఆ వందనమైనా మన సభ ప్రకటించని వానికి, మన సభతో తెగిపోయిన సభలో పుట్టి పెరిగి గతించిన వానికి చేయవచ్చునా? ఈ ప్రశ్న మా ఇంట పుస్తకాలలోనుండి రాలేదు. మా నాయనమ్మ మంచం దగ్గర వచ్చింది.

కొన్నేళ్ళ క్రిందట నాయనమ్మ కాలు జారి పడి, తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. వీపున పుండ్లు లేచినవి. ఆ రోజులలో మా వీధి చివర అద్దెకున్న ఒక మలయాళీ నర్సమ్మ, ఆసుపత్రి పని ముగించుకొని ప్రతి సాయంత్రమూ వచ్చి పుండ్లు కడిగి కట్లు కట్టి పోయేది. అట్లా ఏడు నెలలు. డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కు పెట్టుకొనేది. కాఫీ మాత్రం త్రాగేది. ఆమెకు వచ్చినది సగం కన్నడం, సగం తెలుగు. నాయనమ్మకు మలయాళం ఒక్క ముక్క రాదు. అయినా ఇద్దరూ గంటసేపు కబుర్లు చెప్పుకొనేవారు. మంగళవారాలలో మేము అంతోనివారి జపం చెప్పుకొంటూ ఉంటే ఆమె తలపైకి కొంగు లాక్కొని గుమ్మం ప్రక్కన నిలబడేది. “నువ్వూ మా మతమేనా అమ్మాయీ” అని నాయనమ్మ ఒకనాడు అడిగింది. “క్రైస్తవులమే అమ్మచ్చీ, కాని మాది ఆర్థొడాక్సు సభ” అన్నది.

బదిలీ అయి వెళ్ళేటప్పుడు ఆమె ఒక చిన్న పటం తెచ్చి ఇచ్చింది. నిండు గడ్డం, చేత సిలువ పట్టిన ఒక మేత్రాణి. “వీరు మా పరుమల తిరుమేని. మీ కోసం రోజూ వీరినే అడిగినాను” అని చెప్పి కళ్ళొత్తుకొని పోయింది. నాయనమ్మ ఆ పటాన్ని మరియతల్లికి, అంతోనివారికి నడుమ పెట్టించుకొన్నది. చివరి రోజులలో మా అందరినీ పిలిచి, “నేను పోయినప్పుడు ఆ అయ్యవారి పటం నా తల దగ్గర పెట్టండి” అన్నది.

ఇంతకూ ఆ తిరుమేని ఎవరో చదువరులకు చెప్పాలి. ఆయన పేరు గీవర్గీస్ మార్ గ్రెగోరియోస్. కేరళలోని ముళంతురుత్తిలో 1848 జూన్ 15న పుట్టినారు. ఇరవై ఎనిమిదవ ఏట, అనగా 1876లో, మేత్రాణి అయినారు. పంపానది ఒడ్డున పరుమలలో నివసించినారు. బడులు పెట్టించినారు, గురువులకు చదువు చెప్పినారు, ఉపవాసాలతోను ప్రార్థనతోను శరీరాన్ని అరగదీసుకొన్నారు. 1895లో యెరూషలేము యాత్ర చేసి వచ్చి వ్రాసిన పుస్తకం మలయాళంలో అచ్చయిన మొదటి యాత్రా గ్రంథమని పేరు పొందినది. 1902 నవంబరు 2న, యాభై నాలుగేళ్ళకే కాలం చేసినారు. 1947లో వారి మలంకర ఆర్థొడాక్సు సభ ఆయనను పునీతుడని ప్రకటించింది. మన దేశంలో పుట్టిన స్త్రీని మా కతోలిక సభ మొదటిసారి పునీతురాలని ప్రకటించినది 2008లో, అల్ఫోన్సమ్మగారిని. ఆమెదీ కేరళమే. ఆమెకు అరవై ఏళ్ళు ముందే పరుమల తిరుమేని సమాధి దగ్గర జనం క్రొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. వారిలో అన్ని సభలవారూ, అన్ని మతాలవారూ ఉన్నారు.

నాయనమ్మ కోరిక విని మా పెదనాన్న ఒప్పుకోలేదు. ఆయన మొండివాడు కాదు. నలభై ఏళ్ళు ఉపదేశిగా ఊరూరా తిరిగి పిల్లలకు జపాలు నేర్పిన మనిషి. ఆయన చెప్పిన అభ్యంతరాలు మూడు. మన సభ జాబితాలో లేనివానికి వందనం ఎట్లా చేస్తామన్నది మొదటిది. ఆ సభవారికీ మనకూ విశ్వాసంలోనే తేడా ఉన్నది, ఆ పటం పెడితే తేడా ఏమీ లేదని అబద్ధమాడినట్లవుతుందన్నది రెండవది. మన పునీతులను వారు ఒప్పుకోనప్పుడు వారి పునీతులను మనం నెత్తిన పెట్టుకోవడం ఎందుకన్నది మూడవది. “అమ్మ మీద నాకు మీకన్నా తక్కువ ప్రేమ కాదు. ప్రేమకొద్దీ సత్యాన్ని పక్కకు నెట్టకూడదు గదా” అన్నాడు. ఆ మాటను కొట్టివేయడం మాకు చేతకాలేదు. అందుకని విచారణ గురువులను అడిగినాము, దొరికిన పుస్తకాలు చదివినాము.

గురువులు మొదటి అభ్యంతరానికి సూటిగానే జవాబు చెప్పినారు. సభ ధర్మశాస్త్రం 1187వ సూత్రం ప్రకారం, సభ అధికారం పునీతులుగానో ధన్యులుగానో జాబితాలో చేర్చినవారికే బహిరంగ వందనం చేయాలి. అనగా గుడిలో పీఠం మీద పటం పెట్టడం, పూజలో పేరు తీయడం వంటివి కుదరవు. ఇంట్లో, మనసులో, ఒక పుణ్యపురుషుని తలచుకొని దేవుని దగ్గర నాకోసం అడగండి అని వేడుకోవడాన్ని ఆ సూత్రం నిషేధించలేదు. ఆలోచిస్తే ఇందులో న్యాయం కనబడుతుంది. ఏ పునీతుడైనా జాబితాలో చేరక ముందే పునీతుడు గదా! ముందు జనం సొంతంగా నమ్ముకోవాలి, ఆ తరువాతనే సభ విచారించాలి. ఇంటిలోని ఆ భక్తినే అడ్డగిస్తే జాబితాలో కొత్త పేరు చేరే దారే మూసుకుపోతుంది.

ఆ జాబితా సంగతి కూడా మేము అనుకొన్నంత బిగుతుగా లేదు. రష్యాలో మఠాలు నెలకొల్పిన సెర్గి రాడొనెజ్‌వారు 1392లో గతించినారు. తూర్పు పడమర సభలు 1054లో విడిపోయి అప్పటికి మూడువందల ఏళ్ళు దాటినది. అయినా ఆయన పేరు రోమా సభవారి పునీతుల జాబితాలో ఉన్నది. చెన్నపట్నంలో ఆర్మీనియన్ వీధి చాలమందికి తెలుసు. అక్కడ 1772లో కట్టిన ఆర్మీనియనుల గుడి ఉన్నది. ఆ జాతివారు వెయ్యేళ్ళుగా కళ్ళకద్దుకొనే ప్రార్థనలను వ్రాసిన నరెక్ గ్రెగొరివారిని, 2015 ఏప్రిల్‌లో అప్పటి పోపు ఫ్రాన్సిస్‌గారు సభకంతటికీ బోధకులుగా ప్రకటించినారు. ఆయన బ్రతికిన ఆర్మీనియా సభ రోముతో పొత్తులో ఉన్న సభ కాదు. అదే 2015 ఫిబ్రవరిలో లిబియా సముద్రపు ఒడ్డున ఇరవై ఒక్కమంది కూలివారిని, క్రైస్తవులన్న కారణానికి, గొంతులు కోసి చంపినారు. ఇరవైమంది ఈజిప్టు కోప్టులు, ఒకరు ఘానా దేశస్థుడు. కోప్టు సభ వారిని వేదసాక్షులని ప్రకటించింది. 2023 మేలో కోప్టుల పెద్ద తవద్రోస్‌గారు రోముకు వచ్చినప్పుడు, ఆ ఇరవై ఒక్కమందినీ తమ జాబితాలో కూడ చేరుస్తున్నామని పోపుగారు చెప్పినారు. 2024 నవంబరులో నీనెవె ఇస్సాకువారు చేరినారు. ఆయన ఏడవ శతాబ్దపు సన్యాసి, కొద్ది నెలలు మేత్రాణిగా ఉండి, పదవి వదలి ఏకాంతానికి వెళ్ళిపోయినాడు. ఆయన సభ ఇటు రోముతోను అటు గ్రీకులతోను కూడా పొత్తులేనిది. అయినా గ్రీకు మఠాలలో ఆయన పుస్తకం తరతరాలుగా చదువుతూనే ఉన్నారు. సభల పెద్దలు ఒకరినొకరు పలకరించుకోని కాలంలో కూడా మఠాలవారు ఎవరి పుస్తకంలో సారమున్నదో చూచుకొన్నారన్నమాట.

మన దేశానికి సంబంధించిన వింత ఒకటి చెప్పాలి. యోసఫాతు అనే రాజకుమారుని కథను తూర్పు సభవారూ పడమటి సభవారూ కొన్ని వందల ఏళ్ళు భక్తితో చదువుకొన్నారు. తండ్రి అతనిని లోకదుఃఖం కంటబడకుండా రాజభవనంలో పెంచుతాడు. అతడు రోగిని, ముసలివానిని చూచి, లోకం అశాశ్వతమని తెలిసి రాజ్యం వదలుతాడు. చదువరులకు ఈ కథ ఎవరిదో చెప్పనక్కరలేదు. బోధిసత్త్వుడన్న మాటే దేశాలు దాటి, భాషలు మారి యోసఫాతు అయినదని పందొమ్మిదవ శతాబ్దపు పండితులు తేల్చినారు. రోమా జాబితాలో 16వ శతాబ్దంలో ఆయనకు నవంబరు 27వ తేదీ ఇచ్చినారు. గ్రీకులు ఆగస్టు 26న తలచుకొన్నారు. అమరావతిలో రాతిపై చెక్కిన సిద్ధార్థుని కథకు రోములోను, గ్రీసులోను క్రొవ్వొత్తులు వెలిగినవి! జాబితా వ్రాసిన పెద్దలకు ఇది తెలియదు. కాని మంచితనం తన ఊరి పేరు చెప్పుకోకుండానే ఎంత దూరం నడచి పోగలదో దీనివలన తెలుస్తుంది.

రెండవ అభ్యంతరం దీనికన్న బరువైనది. విశ్వాసంలో తేడా ఉన్న మాట నిజం. మలంకర సభవారు, కోప్టులు, ఆర్మీనియనులు 451లో చాల్సెడోనులో జరిగిన మహాసభను ఒప్పుకోని వర్గానికి చెందుతారు. క్రీస్తునందలి దైవత్వాన్నీ మానవత్వాన్నీ ఏ మాటలతో చెప్పాలన్నది అప్పటి తగవు. కేరళలో అయితే ఇంకొక గాయం కూడా ఉన్నది. పోర్చుగీసు మతాధికారుల పెత్తనం సహించలేక 1653లో మట్టాంచేరిలో నజ్రానీలు సిలువ దగ్గర ప్రమాణం చేసి తిరగబడినారు. ఒక తల్లి బిడ్డలు అక్కడినుండి చీలిపోయినారు. అయితే ఆ పాత తగవు ఎక్కడ మొదలయినదో అక్కడ కొంత మెత్తబడినది. 1973లో పోపు ఆరవ పౌలుగారు, కోప్టుల పెద్ద షెనూడాగారు కలిసి క్రీస్తును గురించిన తమ విశ్వాసాన్ని ఒకే పత్రంలో చెప్పినారు. 1990లో మలంకర ఆర్థొడాక్సు సభ, కతోలిక సభ కూడ అటువంటి ఒడంబడికనే వెలువరించినవి. పోపుగారి అధికారాన్ని గురించిన తేడా మిగిలే ఉన్నది. అది చిన్నది కాదు. రెండవ జాన్‌పాల్ పోపుగారు 1995లో వ్రాసిన లేఖలో ఈ చిక్కుకు ఒక దారి చూపినారు. మనకింకా పూర్తి ఐక్యత లేకపోయినా, అన్ని సభలనుండీ దేవుని దగ్గరకు చేరిన పునీతులు ఇప్పటికే కలిసి ఉన్నారన్నది ఆయన భావం. అనగా పునీతుని గౌరవించడం వలన మన మధ్యనున్న గోడ లేదని చెప్పినట్లు కాదు. ఆ గోడ పైదాకా లేదని చెప్పినట్లు.

అయినా పెదనాన్న మాటలో మేము ఒక భాగాన్ని దాచుకొన్నాము. అందరి పునీతులనూ అందరూ తలకెత్తుకోవడం సాధ్యం కాదు. అదే యోసఫాతు పేరు పెట్టుకొన్న మరొకాయన, యోసఫాతు కుంట్సెవిచ్ అనే మేత్రాణి, రోముతో ఐక్యత కోసం పాటుపడి 1623లో ఆర్థొడాక్సు గుంపు చేతిలో చనిపోయినాడు. కతోలికులకు ఆయన వేదసాక్షి. ఆర్థొడాక్సులకు ఆయన పేరు వింటే పాత పుండు రేగుతుంది. 1439లో ఫ్లారెన్సు మహాసభలో ఐక్యతా పత్రం మీద చేవ్రాలు చేయనని నిలబడిన ఎఫెసు మార్కువారు ఆర్థొడాక్సులకు పునీతుడు. ఆయన పటం పెట్టుకొమ్మని మేము ఏ కతోలికునికీ చెప్పబోము. ఒకరి వీరుడు మరొకరికి గాయమైన చోట చేతులు కట్టుకొని మర్యాదగా ఊరుకోవడమే మేలు. పరుమల తిరుమేని ఎవరికీ గాయం కాదు. బడులు, ఉపవాసం, ప్రార్థన ఏ సభవారికైనా అర్థమయ్యే భాష.

ఇక మూడవది. విడిపోయిన తరువాతి మన పునీతులను ఆర్థొడాక్సు సభలు సాధారణంగా తమ పట్టికలలో చేర్చుకోవన్న మాట నిజమే. కాని గౌరవం చేబదులు కాదు గదా, ఇచ్చినంత తిరిగి పుచ్చుకొనడానికి! ఆ నర్సమ్మ మా మంగళవారపు జపం దగ్గర గుమ్మం ప్రక్కన నిలబడినప్పుడు, మీవాళ్ళు మా తిరుమేనిని ఒప్పుకొంటారా అని అడిగి నిలబడలేదు. ఏడు నెలలు పుండ్లు కడిగినప్పుడూ అడగలేదు. నాయనమ్మకు చాల్సెడోను తెలియదు, మట్టాంచేరి తెలియదు. అంత మంచి పిల్ల రోజూ ఎవరిని తలచుకొంటున్నదో ఆయన మంచివాడే అయి ఉండాలన్నది ఆమె లెక్క. పండితులు విచారణ సంఘాలు వేసి తేల్చేది కూడ చివరకు ఇదే గదా: ఈయనను తలచుకొన్నవారు మంచివారైనారా లేదా అని.

నాయనమ్మ పోయిన రాత్రి పెదనాన్న గురువుల మాట ప్రకారం ఒక కట్టుబాటు చేసినాడు. ఇంట్లో ఉన్నంతసేపు పటం ఆమె తల దగ్గర ఉన్నది. శవపేటిక గుడికి బయలుదేరే ముందు ఆయనే దానిని తీసి, గుడ్డతో తుడిచి, మా అమ్మ చేతికి ఇచ్చినాడు. ఆయన అభ్యంతరం పూర్తిగా తీరిపోయినదని మేము చెప్పము. ఆయన కూడ చెప్పలేదు. కాని తల్లి మాటా దక్కింది, సభ కట్టుబాటూ దక్కింది. దూరాన ఉన్న నర్సమ్మకు సంగతి తెలియజేసినాము. పరుమలకు పోయినప్పుడు అమ్మచ్చి పేరు చెప్పి ప్రార్థించినానని తరువాత జవాబు వచ్చినది. మా నాయనమ్మ పేరును ఒక ఆర్థొడాక్సు సమాధి దగ్గర తలచుకొన్నందుకు మా బంధువులలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పెదనాన్న అయితే ఆ జవాబును రెండుసార్లు చదివించుకొన్నాడు.

ఈ పత్రిక చదివే కుటుంబాలలో పెక్కు మతాలవారున్నారు. పరాయి రాష్ట్రంలో మూడు తరాలుగా స్థిరపడినవారికి ఇరుగుపొరుగు ఇచ్చిన ప్రసాదాలు, తాయెత్తులు, పటాలు ఇంట్లో ఒకటో రెండో తప్పక ఉంటవి. వాటిని ఏమి చేయాలని పిల్లలు అడిగితే, మేము నేర్చుకొన్న మాట ఇది. అవి మనవి అని చెప్పవద్దు. పరాయివి అని పారవేయనూ వద్దు. ఎవరు ఇచ్చినారో, ఏ కష్టంలో ఇచ్చినారో పిల్లలకు చెప్పండి. మా సభ పంచాంగంలో నవంబరు 2 సకల మృతులను తలచుకొనే ఆత్మల పండుగ. మలంకర సభవారికి అదే రోజు పరుమల తిరుమేని పండుగ. ఆ సాయంత్రం మేము తెక్కలకోటలో మా వారి సమాధుల మీద క్రొవ్వొత్తులు వెలిగించే వేళకు, పంపా ఒడ్డున వారు కూడ వెలిగిస్తూ ఉంటారు.